దొడ్డమ్మ అడగని నక్షత్రం

ఈమధ్య ప్రగతి నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు పరామర్శకు వెళ్ళాను. చాలాకాలం నాతోపాటు పత్రిక డెస్కులో పనిచేసిన మిత్రుడి తండ్రి పోయారు. వాళ్ళది ఐదో అంతస్తు. లిఫ్టు వైపు నడవబోతుంటే వాచ్‌మన్ ఆపి, "సార్, పైన గాదు. సెల్లార్ల ఉన్నరు" అన్నాడు. రెండు కార్ల మధ్య ఖాళీలో గాజుపెట్టె పెట్టి అందులో పెద్దాయన్ను పడుకోబెట్టారు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో మిత్రుడు. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి కాబోలు, ఒకాయన నా దగ్గరకు వచ్చి, నేనేమీ అడగకుండానే, "పైకి తీసుకెళ్ళకూడదని అందరం కలిసి రాసుకున్న రూలేనండి. ఎవరికైనా ఒకటే" అని మర్యాదగా చెప్పాడు. మిత్రుడికి దానిమీద ఫిర్యాదేమీ ఉన్నట్టు లేదు. ఆస్పత్రి నుంచి సెల్లారుకు, సెల్లారు నుంచి శ్మశానానికి. అందులో తప్పేదో జరిగిందని నాకూ అనిపించలేదు. కాకపోతే అక్కడ నిలబడ్డ అరగంటసేపూ నా మనసు ఆ పెద్దాయన దగ్గర లేదు. కూకట్‌పల్లిలో, మా దొడ్డమ్మ ఇంట్లో, వరండా పక్కన ఒకప్పుడు నేనున్న గదిలో ఉంది.

ఉద్యోగానికని హైదరాబాదు వచ్చిన కొత్తలో నేను కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మా పెదనాన్న, దొడ్డమ్మల ఇంట్లో ఉండేవాణ్ణి. మాది తెనాలి వైపు. పెదనాన్న కోటేశ్వరరావు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరై అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఒక్కతే కూతురు, విశాఖపట్నంలో కాపురం. నాకు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్ పని, ఎప్పుడూ సాయంత్రం షిఫ్టే. అందువల్ల పగలంతా ఇంట్లో ఉండేవాణ్ణి, ఆ ఇంటి పగళ్ళు నాకు బాగా తెలుసు. మాదాపూర్‌లో గుట్టల్ని పేల్చి చదును చేస్తున్న రోజులవి. గాలి అటునుంచి వీస్తే పేలుడు చప్పుడు మా వరండాలోకి వినిపించేది. ఆరేసిన బట్టలమీద సన్నటి తెల్లదుమ్ము పడేది. దొడ్డమ్మ వాటిని దులిపి మడతపెడుతూ "ఏం కడుతున్నారో గానీ నా చీరలన్నీ సున్నం కొట్టేస్తున్నారు" అనేది. ఆదివారాలు జనం పిల్లల్ని స్కూటర్లమీద ఎక్కించుకుని అక్కడ లేస్తున్న గుండ్రటి భవనాన్ని చూడటానికి వెళ్ళేవారు.

పెదనాన్న నాస్తికుడు. ఆయనకు అది అభిప్రాయంలాంటిది కాదు, ఉద్యోగంలాంటిది. పొద్దున్నే లుంగీ, బనియనుతో వరండాలో కూర్చుని, చెవిమీద ఎర్ర పెన్సిల్ పెట్టుకుని పేపరు చదివేవారు. రాశిఫలాల దగ్గరకొచ్చేసరికి పెన్సిల్ చేతిలోకి వచ్చేది. "నిన్న నాకు ధనలాభమన్నారు. రేషను షాపులో గంట నిలబడి చక్కెర లేదనిపించుకుని వచ్చాను. ఇది రాసేవాడు నీ పక్క సీట్లోనే కూర్చుంటాడా ఏమిట్రా ప్రసాదూ?" అనేవారు. వినాయక చవితి చందాలకు తిరిగే కుర్రాళ్ళు మా గేటు దగ్గర నడక వేగం పెంచేవారు. చందా ఇవ్వకపోవడం వాళ్ళకు పెద్ద బాధ కాదు. ఇవ్వకపోవడానికి కారణాలు అరగంటసేపు వినాల్సిరావడమే బాధ. అదే మనిషి కాలనీలో ఎవరికి పింఛను దరఖాస్తు కావాలన్నా, కరెంటు ఆఫీసుకు అర్జీ కావాలన్నా, తిడుతూనే కూర్చుని రాసిచ్చేవారు.

దొడ్డమ్మ పూజలన్నీ వంటింట్లోనే. గట్టు పైన అరలో దేవుళ్ళు, ముందొక చిన్న పరదా. దేవుళ్ళు వంటింటి గడప దాటి రాకూడదు, చర్చలు వంటింటి గడప దాటి పోకూడదు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చేసుకున్న ఒప్పందమట. ప్రభుత్వంలో ఒకరంటే ఒకరికి పడని రెండు శాఖలు ఒకే భవనంలో నడిచినట్టు ఆ ఇల్లు నడిచేది. ముందు గదిలో కాఫీపొడి వాసన, లోపల కర్పూరం వాసన, మధ్య గదిలో రెండూ. పేపరు మొదట దొడ్డమ్మ చేతిలోనే పడేది. లోపలి పేజీ తీసి ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం చూసుకుని, ఎవరూ విప్పనట్టు మళ్ళీ మడిచి వరండాలో పెట్టేది. ఆ సంగతి పెదనాన్నకు తెలుసు. తెలిసినట్టు ఏనాడూ కనబడనిచ్చేవారు కాదు.

మా ఎదురింటివారు సుబ్రహ్మణ్యంగారు, బ్యాంకు ఉద్యోగి. గురువారాలు వాళ్ళింట్లో భజన. శనివారాలు భార్యాభర్తలిద్దరూ పులిహోర పొట్లాలు కట్టి ప్రభుత్వాసుపత్రి దగ్గర రోగులకు తోడుండేవాళ్ళకు పంచి వచ్చేవారు. ఆయన పొట్లాల సంచి స్కూటరుకు తగిలించుకునే వేళకు పెదనాన్న సరిగ్గా గేటు దగ్గర ఉండేవారు.

"పుణ్యం కోసం చేసేది మంచిపని ఎలా అవుతుందండీ? అది కూలిపని. ఇక్కడ పొట్లం, అక్కడ జీతం."

"తినేవాడు ఎందుకు పెట్టావని అడగడు కదండీ కోటేశ్వరరావుగారూ. మీరూ రండి ఒకసారి. పుణ్యం వద్దనే చెబుదురుగాని."

"నేనొస్తే మీ దేవుడు పులిహోరలో ఉప్పు తగ్గిస్తాడు."

ఇద్దరూ నవ్వుకునేవారు. దేవుడి భయం లేకపోతే మనిషి మంచివాడుగా ఉంటాడా అనేది వాళ్ళ మధ్య ఏళ్ళతరబడి సాగిన పంచాయితీ. వింటూ కాఫీ తాగడం నా పని. నాకు అప్పట్లో ఆ విషయంలో ఏ పక్షమూ లేదు. పత్రికలో పనిచేసేవాడికి రెండువైపులా వినడం అలవాటైపోతుంది. ఏదో ఒకటి తేల్చుకోకుండా బతకడానికి అదొక మంచి సాకు కూడా.

సుబ్రహ్మణ్యంగారింటి వెనక గదిలో యాదమ్మ, మల్లయ్య కిరాయికి ఉండేవారు. జనగామ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇద్దరికీ మాదాపూర్ గుట్టల్లోనే పని. ఆయన బండలు కొట్టేవాడు, ఆమె కంకర మోసేది. కూతురు పెళ్ళయి భివండీ పోయింది. మల్లయ్యకు దగ్గు మొదలైంది. మొదట్లో అందరూ బీడీ దగ్గు అన్నారు. తర్వాత దగ్గు ఆగడం మానేసింది, మనిషి ఎముకలగూడైపోయాడు. పెద్దాసుపత్రిలో చేర్చిందీ, బ్యాంకుకు సెలవు పెట్టి రెండు రోజులు వరసల్లో నిలబడిందీ సుబ్రహ్మణ్యంగారే. ఈ మాట ఇక్కడ రాయకపోతే తర్వాత జరిగింది చదివి ఆయన్ను పొరపాటుగా అర్థం చేసుకుంటారు.

ఊపిరితిత్తులు రాయైపోయాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రిలో. ఆ రోజు పదకొండు గంటల వేళ ఆటో వచ్చి ఎదురింటి గేటు దగ్గర ఆగింది. లోపల యాదమ్మ ఒడిలో మల్లయ్య తల. సుబ్రహ్మణ్యంగారు ముందు దిగి గేటు తెరవకుండా, దానిమీద చెయ్యి వేసి నిలబడిపోయారు.

ఆ కాలనీలో ఆ కారణం ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మనిషి పోతే ఆ రోజు నక్షత్రం చూస్తారు. కొన్ని నక్షత్రాలకు ఏమీ లేదు. కొన్నింటికి ఆ ఇల్లు మూడు నెలలు, ఆరు నెలలు మూసి వెళ్ళిపోవాలి. సొంతవాళ్ళు పోయినప్పుడే తప్పని ఈ పద్ధతి, అద్దెకున్నవాళ్ళ దగ్గరకొచ్చేసరికి మరో రూపం తీసుకుంది. పోయేలా ఉన్న మనిషిని అసలు లోపలికే రానివ్వరు. అద్దె మాట్లాడేటప్పుడే ఇంట్లో ముసలివాళ్ళున్నారా అని అడిగే ఇళ్ళవాళ్ళు నాకు తెలుసు. పైగా సుబ్రహ్మణ్యంగారి కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి.

"యాదమ్మా, నా మాట విను. ఊరికి బండి నేను మాట్లాడతాను. కూడా నేనే వస్తాను" అంటున్నారాయన.

"ఊర్ల ఇల్లేడిది సారూ? గోడలు కూలినయి. పాలోల్లు, ఆయన అన్నదమ్ములు, రానిస్తరా? నాలుగు దినాలు సారూ. గా ఎనక అర్రల జర పండవెడ్త. మీ కాల్మొక్త."

"నాకు ఇష్టం లేక కాదమ్మా. పిల్ల లోపల ఉంది. రేపో ఎల్లుండో..."

"ఎరికె సారూ" అంది యాదమ్మ. కోపంగా కాదు. నిజంగానే తెలిసినట్టు అంది. ఆటోలోంచి దిగలేదు. ఎక్కడికి పోనివ్వాలో ఆటో అతనికి చెప్పనూ లేదు.

పెదనాన్న మా గేటు తీసుకుని రోడ్డుమీదకు వెళ్ళారు. "ఏమండీ సుబ్రహ్మణ్యంగారూ, మీ దేవుడు సెలవివ్వలేదా?"

సుబ్రహ్మణ్యంగారి మొహం ఎర్రబడింది. "ఇప్పుడు కూడానా కోటేశ్వరరావుగారూ?" అని మాత్రం అన్నారు.

పెదనాన్న ఆటో అతని వైపు తిరిగి, "బండి ఇటు తిప్పవయ్యా" అన్నారు. అంతే. ఒక మనిషి చావడానికి చోటు దొరకడం అనేది ఆ మూడు మాటల్లో అయిపోయింది. వరండాలో చేటలో బియ్యం ఏరుకుంటున్న దొడ్డమ్మను ఆయన అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు. ఆ మాటకొస్తే నన్నూ అడగలేదు. ఆ ఇంట్లో బయటికి తలుపున్న గది నాది. "ఏరా, నీ మంచం ఖాళీ చెయ్యి" అన్నారు. నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు గుర్తుంది. "నా పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి పెదనాన్నా" అన్నాను. మంచానికీ పుస్తకాలకూ ఏం సంబంధమో నాకూ తెలియదు. ఒక మనిషి చనిపోయిన మంచంమీద మళ్ళీ ఎలా పడుకోవడం అని నా భయం. దేవుడి విషయంలో ఏ పక్షమూ లేకపోవడం ఆ భయానికి ఏమాత్రం అడ్డురాలేదు. దొడ్డమ్మ చేట పక్కన పెట్టి లేచి, లోపలికి వెళ్ళి, నా దుప్పటి, దిండు తీసి హాల్లో పడేసి, మంచంమీద తన పాతచీర ఒకటి మడిచి పరిచింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్న పేపరు వచ్చినది వచ్చినట్టు గుమ్మంలోనే పడి ఉంది. దొడ్డమ్మ దాన్ని ముట్టుకోలేదు. వంటింట్లో మేకుకు వేలాడే క్యాలెండరును గోడవైపు తిప్పేసింది. రెండో రోజూ అంతే. పెదనాన్న ఊరుకోలేకపోయారు. "ఏమిటి, పంచాంగం మానేశావు? నాస్తికురాలివైపోయావా? మా నాస్తిక సంఘంలో ఆడవాళ్ళు తక్కువ, నిన్ను కార్యదర్శిని చేస్తాం" అన్నారు. దొడ్డమ్మ "మీ సంఘంలో కాఫీలు ఎవరు కలపాలో చెప్పండి ముందు" అంది. ఆయనకు అది వేళాకోళమే. నక్షత్రం చూస్తే గదా మంచిదో చెడ్డదో తెలిసేది, చూడకపోతే ఆమెకు తెలియదు. తెలిస్తే ఆ ఇంట్లో ఆమె ఉండలేదు. ఈ లెక్క నాకు అర్థం కావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

నాకు ఆ విషయంలో ఒక ఇబ్బంది ఉంది. పత్రికలో అందరికన్నా జూనియరుకు అప్పజెప్పే పని పంచాంగం ప్రూఫు చూడటం. నెలకు సరిపడా కాగితాలు పండితులవారు పంపేవారు. రేపటిది ఈ సాయంత్రం దిద్దాలి. మంత్రిగారి పేరు తప్పుపడితే ఒక ఫోను వస్తుంది, నక్షత్రం తప్పుపడితే పాతిక ఫోన్లు వస్తాయి. అందువల్ల ఒళ్ళు దగ్గరపెట్టుకుని చూసేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ తెలియకూడని సంగతి, అందరికంటే ఒక పూట ముందు, నాకు తెలిసేది.

దొడ్డమ్మ మల్లయ్య కోసం గంజి కాచేది. అతను రెండు చెంచాలు తాగేవాడు, మిగతాది యాదమ్మ తాగేది. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని అడిగాను.

"నీకు భయంగా లేదా దొడ్డమ్మా?"

"లేకేం? బోలెడుంది."

"మరి ఆయనతో వద్దని చెప్పొచ్చుగా."

"ఆయన తెచ్చేశాక వద్దంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు?" అని గంజి కలిపింది. "నిజం చెప్పమంటావా? ఆయన తేకపోతే నేను తెచ్చేదాన్ని కాదురా. సుబ్రహ్మణ్యంగారి లాగే గేటు దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని. లోపలికొచ్చి దణ్ణం పెట్టుకునేదాన్ని."

"ఇప్పుడు దేవుడు మెచ్చుకుంటాడంటావా?"

"మెచ్చుకుంటాడో కోప్పడతాడో. నేనడగలేదు." గరిటె నా చేతికిచ్చి, "ఉప్పు చూడు, నేను చూడకూడదు, పూజ కాలేదు" అంది.

ఆదివారం పెదనాన్న మిత్రులు ముగ్గురు వచ్చారు. వరండాలో కుర్చీలు వేసి, మతం లేకుండా నీతి నిలబడుతుందా అనే విషయం మీద రెండు గంటలు మాట్లాడారు. బాగా మాట్లాడారనే చెప్పాలి. కాకపోతే వాళ్ళకూ మల్లయ్యకూ మధ్య ఉన్నది ఒక్క కిటికీ. లోపలి దగ్గు పెరిగినప్పుడు వీళ్ళ గొంతులూ పెరిగేవి. పెదనాన్న నన్ను పిలిచి, "దీన్ని నీ పేపర్లో వార్తగా వెయ్యరా. ఎదురింటి భక్తుడు గెంటేస్తే నాస్తికుడు చోటిచ్చాడని. పేర్లతో సహా" అన్నారు. మిత్రులు తలలూపారు. నేను నిజంగానే లోపలికెళ్ళి నోటుబుక్కు తెచ్చుకున్నాను. వార్తగా చూస్తే అది మంచి వార్త.

కిటికీ అవతలి గదిలోంచి యాదమ్మ బయటికి వచ్చింది. చీరకొంగు తల మీదుగా లాక్కుని గుమ్మంలోనే నిలబడింది. "సారూ, నా మొగని పేరు ఏస్తరా పేపర్ల?"

"వేస్తామమ్మా. నలుగురికీ తెలియాలి."

"ఎల్లగొట్టిండ్రని తెలుస్తది గద సారూ మా ఊర్ల. బతికినన్నాల్లు ఒగని ఇంటి ముంగట నిలబడలే ఆయన. గదొకటి." గొంతు తగ్గించింది. "ఇంగొకటి, గా సుబ్బరమన్నెం సారు పేరు పాడుచెయ్యకుండ్రి. రొండు దినాలు దవాఖానల నిలవడ్డడు మాకోసం. బిడ్డ కడుపుతోని ఉంటె ఏ తండ్రికైన బుగులే ఉంటది. మీరు జాగ ఇచ్చిండ్రు, మీ రునం తీరది. గాని ఆయన శెడ్డోడు గాదు."

పెదనాన్న నా నోటుబుక్కు వైపు చూసి, "లోపల పెట్టరా" అన్నారు. మిత్రులు ఇంకో కాఫీకి ఆగకుండా వెళ్ళిపోయారు.

అసలు పేచీ తర్వాత రోజు వచ్చింది. మల్లయ్యకు మాట పడిపోతోంది. యాదమ్మ చెవి పెట్టి విని, కొంగుముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసింది. కొమురవెల్లి మల్లన్న బండారి. ఆ దేవుడి దగ్గర ఇచ్చే పసుపు. నొసటికి పెట్టమంటున్నాడట. దేవుని ముందర దీపం కూడా ముట్టించమంటున్నాడట. పెట్టుకోవచ్చా అని పెదనాన్నను అడిగింది. ఇంట్లో ఏ దేవుడు ఎంతవరకు రావచ్చో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"చూడమ్మా, వైద్యం కావాలంటే చేయిద్దాం. డాక్టరును పిలుద్దాం. ఇవి మాత్రం వంటింటి ఇవతల కుదరవు. మా పెళ్ళయిన నాటి నుంచీ లేవు" అన్నారు పెదనాన్న. కఠినంగా అనలేదు. నియమం చెప్పినట్టు చెప్పారు. సుబ్రహ్మణ్యంగారు గేటుమీద చెయ్యి వేసి నిలబడ్డప్పటి గొంతుకూ, దీనికీ పెద్ద తేడా లేదని నాకు ఆ క్షణంలో తట్టలేదు. చాలా ఏళ్ళకు తట్టింది.

వంటింట్లోంచి దొడ్డమ్మ వచ్చింది. చర్చ జరిగే చోటికి ఆమె రావడం నేను చూసి ఎరగను.

"పసుపులో ఏముందండీ?" అని అడిగింది.

"ఏమీ లేదు. అదే నేను చెప్పేది."

"ఏమీ లేనిది ఆ గదిలో ఉంటే మీకేమిటి?"

పెదనాన్న ఆమె వైపు చూశారు.

"నాకంటే భయం ఉంది, భయంతోనే ఊరుకున్నాను. మీకు భయాలు లేవుగా. లేనివాళ్ళు కాస్త పక్కకు జరగడానికేం?"

ఆయన లోపలికెళ్ళి చొక్కా వేసుకుని, సంచి పట్టుకుని, "కూరగాయలు తెస్తాను" అన్నారు. పొద్దున్న తెచ్చిన వంకాయలు బుట్టలో అలాగే ఉన్నాయి. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అగ్గిపెట్టె వరండాలో ఉంది, కిటికీలో" అని చెప్పి వెళ్ళిపోయారు. దొడ్డమ్మ తన అరలోంచి ఒక ప్రమిద తీసి గడప దాటించింది. యాదమ్మ బండారి పెట్టింది. మల్లయ్య నొసలు పసుపుపచ్చగా అయింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. పెదనాన్న రెండు గంటల తర్వాత మళ్ళీ వంకాయలే తెచ్చారు.

ఇది పెదనాన్న మారిపోయిన కథ కాదు. ఆ తర్వాత పదేళ్ళూ ఆయన రాశిఫలాలకు ఎర్ర గీతలు పెడుతూనే ఉన్నారు. ఆ రోజు పసుపు గురించి ఎవరైనా అడిగితే "రోగికి మనోధైర్యం" అని శాస్త్రీయంగా చెప్పేవారు. ఆయన గేటు తెరవకపోతే ఏ మంచీ జరిగేది కాదు. అది ఆయనకే చెందాలి. కానీ గేటు తెరవడానికి ఆయన దాటాల్సినదేమీ లేదు. నక్షత్రాలు ఆయనకు ఆకాశంలో ఉండేవి, ఇంట్లో కాదు. దొడ్డమ్మకు అవి ఇంట్లోనే ఉండేవి. పుణ్యం వస్తుందని ఆమె అనుకోలేదు. కీడే వస్తుందనుకుంది, అయినా గంజి కాచింది. మంచితనానికి దేవుడు కావాలా అని ఆ వరండాలో జరిగిన చర్చలన్నీ విన్నాను. వాటిలో ఏ పక్షమూ ఈ మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు సెల్లారులో గాజుపెట్టె ఉంది. దానివల్ల ఒక మేలు జరిగింది. సుబ్రహ్మణ్యంగారిలా ఎవరూ గేటు పట్టుకుని సిగ్గుపడనక్కర్లేదు, యాదమ్మలా ఎవరూ ఆటోలో కూర్చుని బతిమాలనక్కర్లేదు. నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ఎవరూ ఏదీ దాటాల్సిన పని లేకుండా పోయింది. అప్పటికన్నా ఇది నాగరికమనే నేను అనుకుంటాను. ఎవరు ఏపాటి మనుషులో తెలిసే అవకాశం మాత్రం తగ్గింది.

మల్లయ్య తొమ్మిదో రోజు పొద్దున్న, ఎండ కిటికీ దాకా వచ్చే వేళకు, పోయాడు. యాదమ్మ ఏడుపు విని నేను హాల్లోంచి లేచాను. గదిలోంచి బయటికి వస్తూ దొడ్డమ్మ నాకు ఎదురుపడింది. నన్ను చూడగానే చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నా వైపు చూడకు."

"ఏమైంది దొడ్డమ్మా?"

"మంచిదైతే నీ మొహం తేటగా ఉంటుంది. చెడ్డదైతే దాచలేవు. నీ సంగతి నాకు తెలుసు. నాలుగు రోజులు నా మొహం చూడకుండా తిరుగు నాన్నా, నీకు పుణ్యముంటుంది."

గుట్టల పనివాళ్ళు వచ్చారు. డప్పు వచ్చింది. మా గేటులోంచే మల్లయ్యను తీసుకెళ్ళారు. సుబ్రహ్మణ్యంగారు కొత్త తెల్లగుడ్డ తెచ్చి యాదమ్మ చేతిలో పెట్టి, వీధి చివరిదాకా పెదనాన్న పక్కన నడిచారు. యాదమ్మను కూతురు వచ్చి భివండీ తీసుకుపోయింది. దొడ్డమ్మ ఆ నెలంతా కాలనీలో గుడికి వెళ్ళలేదు. వెళ్తే పూజారిగారు అడగకుండానే నక్షత్రం చెప్పేస్తారని. గుడికి దూరంగా అన్ని రోజులు ఆమె ఎప్పుడూ లేదు.

ఇప్పుడు దొడ్డమ్మ లేదు కాబట్టి రాయవచ్చు. ఆ రోజు ధనిష్ఠ. ఆరు నెలలు ఇల్లు మూయాల్సిన నక్షత్రం. ముందురోజు సాయంత్రం ఆ మూడక్షరాలూ సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు చూసి సంతకం పెట్టింది నేనే. ఆ తర్వాత ఆ ఇంట్లో పదిహేనేళ్ళు మంచీ చెడూ అన్ని ఇళ్ళలో జరిగినట్టే జరిగాయి.

ఆ నాలుగు రోజులూ దొడ్డమ్మ నాకు అన్నం వడ్డిస్తూ పొయ్యి వైపు చూసేది, నేను కంచంలోకి చూసేవాణ్ణి. పెదనాన్న మధ్యలో కూర్చుని, "ఏమిటి, మీరిద్దరూ పోట్లాడుకున్నారా?" అని అడిగారు. "మీకనవసరం, పప్పు వేసుకోండి" అంది దొడ్డమ్మ. గది కడిగారు, మంచం ఎండలో పెట్టి మళ్ళీ లోపల వేశారు. నేను మాత్రం హాల్లో చాపమీదే పడుకుంటున్నాను. ఉక్కగా ఉంటోందని చెప్పాను. ఆ గదికి రెండు కిటికీలున్నాయి, హాలుకు ఒకటే. అయిదో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక చొక్కా కోసం ఆ గది తలుపు తోశాను. నా మంచంమీద దొడ్డమ్మ, నా దుప్పటి పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని, ఇటు తిరగకుండానే, "బాగానే ఉందిరా, గాలి వస్తోంది. రేపటినుంచి నువ్వు పడుకో" అంది.